రోహిణి నక్షత్రం: తరచుగా అడిగే ప్రశ్నలు

రోహిణి పేరు వినని తెలుగువాళ్లు ఉండరు. పంచాంగంలో ఉంటుంది, జాతకంలో ఉంటుంది, మే నెలాఖరు ఎండల్లో ప్రతి నోటా ఉంటుంది. కానీ "ఆకాశంలో రోహిణి ఏదో చూపించండి" అంటే వేలు పెట్టి చూపించేవాళ్లు తక్కువ. అంత పెద్ద పేరున్న చుక్కను ముఖాముఖి చూడకుండానే జీవితం గడిచిపోవడం నాకు బాధగా ఉంటుంది. డాబా మీద పిల్లలకూ పెద్దలకూ చుక్కలు చూపించేటప్పుడు నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలనే ఇక్కడ రాస్తున్నాను.

రోహిణి అంటే ఒక చుక్కా, చుక్కల గుంపా?

ఆకాశంలో ఒక భాగం పేరూ అదే, ఆ భాగంలోని ఒక చుక్క పేరూ అదే. చంద్రుడు నడిచే దారిని మన పెద్దలు 27 సమాన భాగాలు చేశారు. ఒక్కొక్కటి 13 డిగ్రీల 20 నిమిషాలు. అందులో నాలుగో భాగం రోహిణి. ఆ భాగానికి గుర్తుగా నిలిచే ముఖ్యమైన తారను యోగతార అంటారు. రోహిణికి యోగతార నారింజ రంగులో మెరిసే ఒక పెద్ద చుక్క. ప్రపంచమంతా దాన్ని అల్డెబరాన్ అని పిలుస్తుంది. ఇకనుంచి నేను రోహిణి అన్నప్పుడల్లా ఆ ఒక్క చుక్క గురించే అనుకోండి.

దాన్ని ఎలా గుర్తుపట్టాలి?

చలికాలపు రాత్రి మీరు తప్పకుండా చూసి ఉండే గుర్తు ఒకటుంది: ఒకే వరుసలో, సమాన దూరంలో, సమానమైన మెరుపుతో మూడు చుక్కలు. ఓరియన్ అనే వేటగాడి నడికట్టు అవి. ఆ మూడింటి మీదుగా ఊహలో ఒక గీత గీయండి. ఆ గీతను ఆగ్నేయం వైపు సాగదీస్తే రాత్రి ఆకాశంలోని నక్షత్రాలన్నిట్లోకీ ప్రకాశవంతమైన తెల్లని చుక్క సిరియస్ దగ్గరికి చేరుతుంది. వాయవ్యం వైపు సాగదీస్తే ఒక నారింజ రంగు చుక్క తగులుతుంది. అదే రోహిణి. అదే దిక్కున ఇంకాస్త ముందుకు వెళ్తే చిన్న చిన్న చుక్కల గుత్తి కనిపిస్తుంది. అది కృత్తిక. పల్లెల్లో పిల్లలకోడి అనేది దాన్నే. వేటగాడికీ పిల్లలకోడికీ నడుమ ఎర్రగా ఉన్న చుక్క ఏదని వెతికినా రోహిణే దొరుకుతుంది.

అల్డెబరాన్ అనే అరబ్బీ పేరుకు "వెంట వచ్చేది" అని అర్థం. తూర్పున ముందు కృత్తిక ఉదయిస్తుంది, దాని వెనకాలే ఇది వస్తుంది. మన పంచాంగంలో కూడా కృత్తిక తరవాత రోహిణే కదా. ఎడారిలో చూసినవాళ్లకైనా పొలంగట్టు మీద చూసినవాళ్లకైనా కనిపించిన వరుస ఒక్కటే.

ఏ నెలల్లో బాగా కనిపిస్తుంది?

నవంబరు నుంచి మార్చి వరకు. డిసెంబరు మొదటి రోజుల్లో సూర్యుడు అస్తమించే వేళకు తూర్పున ఉదయించి తెల్లవార్లూ ఉంటుంది. మార్చిలో పొద్దుపోయాక పడమటి ఆకాశంలో వెతకాలి. మే సగం గడిచేసరికి సందెవెలుగులో కలిసిపోతుంది.

నన్నడిగితే మంచి రోజు భోగి. జనవరి నడిమిలో రాత్రి 9 గంటల ప్రాంతంలో అది మన నడినెత్తికి వస్తుంది. మామూలు మాటగా అనడం లేదు, నిజంగా నడినెత్తికే. ఆకాశాన్ని కొలిచే లెక్కలో రోహిణి ఖగోళ మధ్యరేఖకు, అంటే మన భూమధ్యరేఖకు తిన్నగా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకు, ఉత్తరంగా సుమారు పదహారున్నర డిగ్రీల దగ్గర ఉంది. విజయవాడ భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు పదహారున్నర డిగ్రీల దగ్గర ఉంది. అంటే కృష్ణ ఒడ్డున వెల్లకిలా పడుకున్నవాళ్ల కళ్లకు అది దాదాపు తిన్నగా పైకప్పులో ఉంటుంది. భీమవరంలోనూ అంతే. హైదరాబాదులో ఒక డిగ్రీ కన్నా తక్కువ దక్షిణానికి, తిరుపతిలో మూడు డిగ్రీలు ఉత్తరానికి వాలుతుంది. అది మన ఊళ్ల మీదుగానే నడిచే చుక్క. లెక్క చూసుకుని నేనీ సంగతి మొదటిసారి గ్రహించిన రాత్రి చాలాసేపు కిందికి దిగబుద్ధి కాలేదు.

రోహిణి కార్తెలో రోహిణిని చూడవచ్చా?

చూడలేం. అందరూ ఆశ్చర్యపోయే జవాబు ఇదే. రోహిణి కార్తె అంటే సూర్యుడు రోహిణి భాగంలో ఉండే రోజులు. మే 25 ప్రాంతంలో మొదలై జూన్ 8 ప్రాంతంలో ముగుస్తుంది. జూన్ 1కి కాస్త అటూ ఇటూగా సూర్యుడు సరిగ్గా ఈ చుక్కకు దగ్గరగా వస్తాడు. ఆ రోజుల్లో అది సూర్యుడితోపాటే ఉదయించి, సూర్యుడితోపాటే అస్తమిస్తుంది. పగటి వెలుగు దాన్ని పూర్తిగా మింగేస్తుంది. దాని పేరు మనం ఎక్కువసార్లు తలుచుకునే పక్షం రోజుల్లోనే అది మన కంటికి కనపడదు. మళ్లీ జూన్ చివరి వారంలో, తెల్లవారకముందు, తూర్పున కింద కనిపించడం మొదలవుతుంది.

మరి "రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి" అన్నారు కదా. ఆ వేడి చుక్కదేనా?

కాదు. రోహిణి నుంచి మనకు అందే వేడి శూన్యంతో సమానం. కార్తె అనేది తేదీ చెప్పే పద్ధతి. అచ్చు క్యాలెండరు లేని రోజుల్లో సూర్యుడు ఏ చుక్కల ఇంట్లో ఉన్నాడన్నదే రైతుకు తేదీ.

వేడికి కారణాలు నేలమీదే ఉన్నాయి. మే నెల మొదటి పదిరోజుల్లో మధ్యాహ్న సూర్యుడు విజయవాడకూ హైదరాబాదుకూ తిన్నగా నడినెత్తిన వస్తాడు. నెలాఖరుకు ఇంకొంచెం ఉత్తరానికి జరిగినా ఎండ నిలువుగానే పడుతుంది, పగలు పొడుగ్గా ఉంటుంది. అప్పటికి నేలలో తడి అంటూ మిగలదు. తడి ఉంటే ఎండ సగం దాన్ని ఆవిరి చేయడానికే ఖర్చయ్యేది, తడి లేదు కాబట్టి అంతా నేలనూ గాలినీ కాల్చడానికే పోతుంది. పైగా పడమటి నుంచి పొడి వడగాలి. నైరుతి రుతుపవనం ఇంకా గుమ్మంలోకి రాలేదు. ఇవన్నీ కలిసొచ్చే రోజులకు పెద్దలు పెట్టిన పేరు రోహిణి కార్తె. దాని తరవాతది మృగశిర. హైదరాబాదులో చేప ప్రసాదం కోసం జనం బారులు తీరేది ఆ కార్తె ప్రవేశించే రోజునే. అప్పటికి గాలి మారుతుంది.

ఈ తేదీలు ఎప్పటికీ ఇవేనా?

కావు. బొంగరం తిరుగుతూ తల ఊపినట్టు భూమి ఇరుసు కూడా చాలా నెమ్మదిగా ఊగుతుంది. ఒక ఊపు పూర్తికావడానికి సుమారు 26,000 ఏళ్లు. దానివల్ల రుతువులకూ చుక్కలకూ ఉన్న లంకె సుమారు 71 ఏళ్లకు ఒక రోజు చొప్పున జారుతుంది. కార్తెలు చుక్కలను పట్టుకుని నడుస్తాయి, ఎండావానలు రుతువులను పట్టుకుని నడుస్తాయి.

1500 ఏళ్ల కింద సూర్యుడు రోహిణిలో ప్రవేశించింది రుతువుల లెక్కన ఇప్పటికన్నా మూడు వారాల ముందు. ఇంకో 1500 ఏళ్లకు మూడు వారాలు ఆలస్యంగా, అంటే జూన్ మధ్యకు వెళ్తుంది. రుతుపవనం ఇప్పటి వేళకే వస్తూ ఉంటే, ఆ రాబోయే కాలపు రైతుకు రోహిణి కార్తె అంటే రోళ్లు పగిలే ఎండ కాదు, దుక్కి దున్నే తొలకరి. సామెతలకూ కాలం చెల్లే రోజు ఉంటుంది. మనం మాత్రం అవి అక్షరాలా నిజమైన కాలంలో బతుకుతున్నాం.

రోహిణి ఎందుకు ఎర్రగా ఉంటుంది?

ముందుగా పేరు చూడండి. సంస్కృతంలో రోహిత అంటే ఎరుపు, రోహిణి అంటే ఎర్రనిది. ఎర్రావుకూ ఆ పేరుంది. పేరు పెట్టినవాళ్లు చుక్కను కళ్లారా చూసి పెట్టారనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

కారణం దాని ఉపరితలపు వేడి. కొలిమిలో ఇనుము ముందు ఎర్రబడుతుంది, తరవాత నారింజ, పసుపు, ఇంకా కాలిస్తే తెలుపు. నక్షత్రాలూ అంతే. మన సూర్యుడి పైపొర 5,770 కెల్విన్ల దగ్గర ఉంటే, రోహిణి పైపొర సుమారు 3,900 కెల్విన్లే. శాస్త్రజ్ఞులు దాన్ని కె5 తరగతిలో వేస్తారు. కె తరగతి అంటే నారింజ రంగు తారల తరగతి. దీన్ని కొందరు అరుణ మహాతార అనీ అంటారు. తప్పేమీ కాదు, జీవితంలో అది ఉన్న దశ పేరు అది. రంగు మాత్రం నారింజే. నమ్మకం కుదరకపోతే సిరియస్‌ను ఒకసారి, దీన్ని ఒకసారి మార్చి మార్చి చూడండి. బైనాక్యులర్స్ ఉంటే రంగు ఇంకా చిక్కగా తెలుస్తుంది.

ఎంత పెద్దది? ఎంత దూరంలో ఉంది?

సూర్యుడికి సుమారు 45 రెట్ల అడ్డుకొలత. సూర్యుడి చోట దీన్ని పెడితే బుధుడు తిరిగే దారిలో సగాన్ని దాటి వస్తుంది. అది చిమ్మే వెలుగూ వేడీ అన్నీ కలిపి లెక్కేస్తే సూర్యుడి కన్నా 400 రెట్లకు పైగా శక్తిని వెదజల్లుతుంది. ఇంతా చేసి బరువు మాత్రం సూర్యుడి కన్నా కాస్త ఎక్కువ, అంతే. అంత తక్కువ సరుకు అంత పెద్ద బుడగగా ఉబ్బిందంటే దాని పైపొరలు ఎంత పలచనో ఊహించండి. తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి సుమారు 520 రోజులు పడుతుంది.

దూరం సుమారు 65 కాంతి సంవత్సరాలు. ఈ రాత్రి మీ కంట్లో పడే వెలుగు 1960 ప్రాంతంలో అక్కడ బయలుదేరింది. అరవై అయిదు దాటిన అమ్మమ్మలకూ తాతయ్యలకూ ఈ మాట చెప్పి చూడండి. "నేను పుట్టినప్పటి వెలుగా ఇది!" అని ఒక పెద్దాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

అంత పెద్దదైనా దూరం వల్ల అది మనకు ఒక బిందువే. హైదరాబాదులో నిలబడి విజయవాడలో ఎవరో పట్టుకున్న పది రూపాయల నాణెం ఎంత కనిపిస్తుందో, ఆకాశంలో రోహిణి బింబం సుమారుగా అంత.

అది పేలిపోతుందా? లోపల ఏం జరుగుతోంది?

పేలదు. అలా పేలాలంటే సూర్యుడికి ఎనిమిది రెట్లో అంతకన్నా ఎక్కువో బరువుండాలి. ఆ భయం ఆర్ద్ర విషయంలో పెట్టుకోవచ్చు, రోహిణి విషయంలో అక్కర్లేదు.

లోపలి కథ ఇది. నక్షత్రం బతికేది నడిమిలో హైడ్రోజన్‌ను హీలియంగా మార్చుకుంటూ. ఇప్పుడు సూర్యుడు చేస్తున్నది అదే. రోహిణి నడిమిలో ఆ హైడ్రోజన్ అయిపోయింది. పొయ్యిలో కట్టె కాలి బూడిద మిగిలినట్టు అక్కడ హీలియం పోగుపడింది. ఆ బూడిద తన బరువుకు తానే కుంగుతూ వేడెక్కుతుంటే, దాని చుట్టూ ఉన్న పలుచని పొరలో హైడ్రోజన్ మునుపటికన్నా ఉద్ధృతంగా మండుతోంది. ఆ తోపుడుకు పైపొరలు ఉబ్బాయి. ఉబ్బినకొద్దీ చల్లబడ్డాయి. చల్లబడ్డాయి కాబట్టి నారింజ రంగు. ముందుముందు ఆ హీలియం కూడా అంటుకుంటుంది. చాలా కాలం తరవాత పైపొరలన్నీ అంతరిక్షంలోకి జారిపోయి, భూమంత చిన్న తెల్లని నిప్పుకణిక మిగులుతుంది.

సూర్యుడికీ ఇదే దారి, ఇంకో 500 కోట్ల ఏళ్లకు. కాబట్టి రోహిణిని చూడడం మన సూర్యుడి ముసలితనాన్ని ముందుగా చూడడమే.

చంద్రుడికీ రోహిణికీ ఉన్న కథ నిజమా?

దక్షుడు తన 27 మంది కూతుళ్లను చంద్రుడికిచ్చాడు, చంద్రుడు రోహిణి దగ్గరే ఉండిపోయాడు, మిగతావాళ్లు తండ్రితో మొరపెట్టుకున్నారు, క్షయించిపొమ్మని శాపం తగిలింది, శివుడి దయతో తగ్గినవాడు మళ్లీ పెరుగుతున్నాడు. కథ కథే. కానీ ఆకాశం తెలిసినవాళ్లు అల్లిన కథ.

చంద్రుడు నిజంగానే రోహిణి చెంతకు వస్తాడు. ఒక్కోసారి దాన్ని పూర్తిగా కప్పేస్తాడు. చంద్రుడి దారి కాస్త ఏటవాలుగా ఉండి, ఆ వాలు 18.6 ఏళ్లకొకసారి చుట్టు తిరుగుతుంది. అందువల్ల కొన్నేళ్లపాటు నెలనెలా కప్పుతూ, తరవాత చాలా ఏళ్లు ఎడంగా వెళ్తుంటాడు. 2015 జనవరి నుంచి 2018 సెప్టెంబరు వరకు ఇలా 49 సార్లు కప్పాడు. ప్రతిసారీ అన్ని ఊళ్లకూ కనిపించదు, ఒక్కోసారి భూమిమీద ఒక్కో మేరకే. మళ్లీ ఆ వరస 2033లో మొదలవుతుంది. ఇప్పుడు బడికెళ్లే పిల్లలకు అప్పటికి చూసే వయసు వస్తుంది.

చంద్రుడి అంచు వెనక్కి వెళ్లేటప్పుడు మిగతా చుక్కలు దీపం ఆర్పినట్టు చటుక్కున మాయమవుతాయి. రోహిణి బింబం కాస్త పెద్దది కాబట్టి సెకనులో కొన్ని వందో వంతుల సేపు తీసుకుంటుంది. కంటికి తెలియదు, పరికరానికి తెలుస్తుంది. ఆ కొద్దిపాటి ఆలస్యం నుంచే దాని అడ్డుకొలత తేల్చారు.

ఇంకో ముచ్చట. 509 మార్చి 11న ఏథెన్స్‌లో చంద్రుడు ఈ చుక్కను కప్పడం చూసి ఎవరో రాసిపెట్టారు. ఆ రాత సాయంతో 1718లో ఖగోళ శాస్త్రజ్ఞుడు ఎడ్మండ్ హేలీ లెక్కవేసి, అప్పటికీ ఇప్పటికీ ఈ తార చోటు మారిందన్నాడు. స్థిరంగా అతికించినట్టుండే నక్షత్రాలు కూడా కదులుతాయని మనుషులకు తెలిసిన తొలి సందర్భాల్లో ఇదొకటి.

చుట్టూ ఉన్న చిన్న చుక్కలు దాని కుటుంబమేనా?

చూడటానికి అలాగే ఉంటాయి. రోహిణితో కలిపి ఇంగ్లీషు వి అక్షరంలా అమరిన ఆ చుక్కల్ని మనవాళ్లు బండి అన్నారు. రోహిణీ శకటం అని జ్యోతిష గ్రంథాల్లో కనిపించేది అదే. ఏదైనా గ్రహం ఆ బండి మధ్యలోంచి దూసుకుపోతే దాన్ని శకటభేదం అన్నారు. సూర్యసిద్ధాంతంలో దాని కొలతే ఉంది.

నిజానికి ఆ చిన్న చుక్కల గుంపు 150 కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉంది. రోహిణి అందులో సగం దూరమైనా లేదు. దారిలో అడ్డొచ్చి నిలబడింది, అంతే.

కుజుడితో పొరబడుతున్నాం. తేడా ఎలా తెలుస్తుంది?

కుజుడు మిణుకుమనడు, నిలకడగా వెలుగుతాడు, వారం వారం చోటు మారుస్తాడు. రోహిణి మిణుకుతుంది, తన చోట ఉంటుంది. వృశ్చికరాశిలోని జ్యేష్ఠ కూడా ఎర్రనిదే, కానీ అది ఆకాశంలో దాదాపు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. ఒకటి పడమట దిగుతుంటే రెండోది తూర్పున లేస్తుంది. తైత్తిరీయ సంహితలో జ్యేష్ఠనూ రోహిణి అనే పిలిచారు. ఆకాశానికి రెండు చివరలా రెండు ఎర్రని చుక్కలు, రెండింటికీ ఒకే పేరు.

దానికి గ్రహాలున్నాయా?

1993లో దాని కదలికలో ఒక ఊగిసలాట దొరికింది. 2015లో గురుగ్రహానికి ఆరు రెట్లకు పైగా బరువున్న గ్రహం సుమారు 629 రోజులకొకసారి చుట్టి వస్తోందని ఒక బృందం ప్రకటించింది. 2019లో మరో పరిశీలన దాన్ని అనుమానించింది. ఇలాంటి ఉబ్బిన తారలు తమంతట తామే ఊగుతాయి కాబట్టి తేల్చడం కష్టం. ఉందని ఎవరైనా ఖాయంగా చెబితే నమ్మకండి.

పయనీర్ 10 అంతరిక్ష నౌక రోహిణికి వెళ్తోందట కదా?

ఆ దిక్కుకు వెళ్తోంది. 1972 మార్చిలో బయలుదేరి, గురుగ్రహాన్ని చూసి, బయటికి సాగిపోయింది. 2003 జనవరిలో చివరిసారి దాని సంకేతం అందింది. 20 లక్షల ఏళ్లకు రోహిణిని చేరుతుందని చాలాచోట్ల రాస్తారు. ఆ లెక్క రోహిణి కదలకుండా నిలబడితేనే. అది మన నుంచి సెకనుకు 54 కిలోమీటర్ల వేగంతో దూరమవుతోంది. నౌక వేగం సుమారు 12 కిలోమీటర్లు. ఎన్నటికీ అందుకోలేదు.

మనకు దగ్గరి సంగతి ఇంకొకటి ఉంది. 1980 జూలై 18న శ్రీహరికోట నుంచి ఎస్ఎల్‌వి-3 మోసుకెళ్లిన ఉపగ్రహం పేరు రోహిణి. మన దేశం సొంత రాకెట్‌తో కక్ష్యలో పెట్టిన మొదటి ఉపగ్రహం అది.

మా అబ్బాయిది రోహిణి నక్షత్రం. ఆ చుక్క ప్రభావం ఉంటుందా?

జన్మనక్షత్రం రోహిణి అంటే పుట్టినవేళ చంద్రుడు ఆ భాగంలో ఉన్నాడని. ఓ, వా, వీ, వూ అక్షరాలతో పేరు పెట్టేది అందుకే. ఫలితాల మాట నేను చెప్పేది కాదు. మీ అబ్బాయిని మాత్రం ఒక రాత్రి మేడ మీదికి తీసుకెళ్లి "ఇదిగో, నీ చుక్క" అని చూపించండి.

ఇలాంటి నారింజ మహాతారలు ఇంకేమైనా కంటికి కనిపిస్తాయా?

స్వాతి. 37 కాంతి సంవత్సరాల దూరం, రోహిణి కన్నా ప్రకాశవంతం, ఎండాకాలపు రాత్రుల్లో చూడాలి. పునర్వసులోని పోలక్స్ ఇంకోటి. సప్తర్షుల్లో క్రతువు కూడా ఆ జాతిదే.

టెలిస్కోప్ లేదు, చుక్కలు తెలియవు. తేలిక దారి ఏదైనా ఉందా?

ఉంది, మీ గోడమీద వేలాడుతోంది. పంచాంగంలో ఈ రోజు నక్షత్రం రోహిణి అని రాసి ఉంటే ఆ రాత్రి చంద్రుడు ఆ చుక్క పక్కనే ఉంటాడు. 27 రోజులకొకసారి ఈ అవకాశం వస్తుంది. చంద్రుణ్ణి వెతుక్కోండి, దగ్గర్లో నారింజ రంగు చుక్క ఏదో చూడండి. ఒక్క వేసవిలో ఆ రెండూ సూర్యుడి దగ్గరికి చేరే రోజుల్లో మాత్రం కుదరదు.

వీటన్నిట్లో నాకు ఇష్టమైనది శ్రావణ బహుళ అష్టమి. కృష్ణుడు రోహిణిలో, అర్ధరాత్రి పుట్టాడంటారు. బహుళ అష్టమినాడు చంద్రుడు ఉదయించేది అర్ధరాత్రి ప్రాంతంలోనే. ఆ రోజుల్లో రోహిణి తూర్పున లేచేదీ అప్పుడే. అష్టమి ఒకరోజు, రోహిణి మరునాడు పడే ఏళ్లలో చంద్రుడు, చేయి చాచి చూస్తే, ఒక పిడికిలి అంత ఎడంగా ఉంటాడు. కుదిరిన ఏడు ఇద్దరూ కలిసే పైకొస్తారు. వానాకాలం కాబట్టి మబ్బు అడ్డుపడవచ్చు. ఉట్టి కొట్టే సందడి అయ్యాక, పిల్లలు ఇంకా నిద్రపోకపోతే, తూర్పు వైపు ఇళ్లు అడ్డంలేని చోటికి వెళ్లి నిలబడండి. సగం చంద్రుడు, పక్కన ఎర్రగా రోహిణి.